ఆమోస్ అటాకై గీయని ఇల్లు

ఆమోస్ అటాకై ముప్పయ్యొక్క ఏళ్లు బడి బస్సు నడిపాడు. ఎర్రమట్టి దారుల్లో రోజుకు నూట పన్నెండు మైళ్లు. ఏ గుట్ట వెనక ఎవరి గొర్రెల దొడ్డి ఉందో, ఏ మలుపులో ఏ కుక్క చక్రాలమీదికి ఎగబడుతుందో, వాన పడితే ఏ వాగు ఎన్ని గంటలు నిలబెడుతుందో ఆయనకు తెలిసినట్టు అమెరికా ఎడారిలోని ఆ నవాహో ఆదివాసుల నేలమీద మరొకరికి తెలియదు. రిటైరైన రోజున బడివాళ్లు ఒక గోడగడియారం ఇచ్చి చేతులు దులుపుకున్నారు. అది రెండు నెలల్లో ఆగిపోయింది. ఆయనకు అసలు పేరొచ్చింది మాత్రం ఆ తర్వాతే. చుట్టుపక్కల అందరూ ఆయన్ని పటాలాయన అనేవారు.

అక్కడి ఇళ్లకు నంబర్లు లేవు, వీధులు లేవు. ఉత్తరాలు గుమ్మందాకా రావు. నలభై మైళ్ల అవతల సరుకుల కొట్టునంటుకుని ఉన్న పోస్టాఫీసులో కుటుంబానికొక పెట్టె, అంతే. ఓటరుగా చేరాలంటే పట్నందాకా పోనక్కర్లేదు, ఒక కాగితం నింపి పోస్టులో వేస్తే చాలు. ఆ కాగితం అడుగున అరచేతిలో ఇమిడేంత చదరం ఒకటి ఉంటుంది. ఇంటికి వీధి, నంబరు లేనివాళ్లు అందులో పటం గీయాలి. ఇల్లున్నచోట ఇంటూ గుర్తు పెట్టాలి. దగ్గర్లోని బడి, చర్చి, కొట్టు వంటివి చుక్కలతో చూపించాలి. కాగితం తయారుచేసినవాడు మంచివాడే అయ్యుండాలి. కాకపోతే బడీ చర్చీ కొట్టూ మూడూ దగ్గర్లో లేని ఇల్లుంటుందని ఆ మంచివాడికి తట్టలేదు.

రెండేళ్లకోసారి పట్నం నుంచి శుభ్రమైన బూట్లేసుకున్న పిల్లలు దిగేవారు. వాళ్ల చొక్కాలమీద 'మీ ఓటే మీ గొంతు' అని ఉండేది. "గొంతు మాకు ఉందమ్మా, రోడ్డే లేదు" అంది ఒకసారి ఒక ముసలామె, ఊరి సభలు జరిగే చాప్టర్ హౌసులో. ఆ పిల్లలు అది కూడా రాసుకున్నారు. వాళ్లు పంచిపెట్టి వెళ్లిన కాగితాల్లో చదరాలన్నీ ఖాళీగానే ఉండేవి. వాటిని నింపే పని ఆమోస్ మీద పడింది. ఆయన ట్రక్కు బానెట్టు మీద కాగితం పరిచి, ముందు పెన్సిలుతో గీసి, పైన పెన్నుతో దిద్దేవాడు. గాలిమర, పాత టైర్ల గేటు, ఎద్దు తలలా ఉండే రాయి, కాలిపోయిన బస్సు. ఆరేళ్లలో నూటికి పైగా గీశాడు. ఒక్కటీ తిరిగి రాలేదు.

ఆయనకు ఒకటే నియమం. ఉత్తరపు గోడ పడగొట్టిన ఇల్లు ఆయన పటంలో ఉండదు.

అక్కడి పాతకాలపు ఇల్లు ఎనిమిది పలకల హోగన్. దాని లోపల మనిషి పోతే ఆ ఇల్లు ఇక వాడుకోరు. ఉత్తరపు గోడకు కన్నం కొట్టి, మనిషిని అందులోంచి బయటికి తెచ్చి, తూర్పు గుమ్మానికి అడ్డంగా చెక్క కొట్టేసి, బతికినవాళ్లు వేరేచోటికి వెళ్లిపోతారు. పోయిన మనిషిలోని మంచి ఎటు పోయినా చెడ్డది మాత్రం ఆ గోడల మధ్యే ఉండిపోతుంది. దాని దూలం తెచ్చి పొయ్యిలో పెట్టరు, దాని నీడలో గొర్రెను కూడా పడుకోనివ్వరు. పోయిన మనిషి పేరు నోట రానివ్వరు. పేరు పెట్టి పిలిస్తే పలకవచ్చు. ఇది నమ్మకమా, అలవాటా, భయమా అని చర్చించడానికి విశ్వవిద్యాలయాలున్నాయి. ఆమోస్‌కు అది కాగితంమీద ఖాళీ జాగా. ఊళ్లోవాళ్లెవరు ఆయన పటం చూసినా ఖాళీ ఎందుకు ఖాళీగా ఉందో ఇట్టే తెలిసిపోయేది. తొంభై మైళ్ల దూరాన ఓటర్ల జాబితా రాసే కౌంటీ ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తెలియలేదు.

*

మేబెల్ టొహానీ ఆమోస్ భార్యకు అక్క. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, మగ్గం మీద కూర్చుంటే నడుం వంగదు, లేస్తే తిన్నగా నిలబడదు. జీవితంలో ఒక్కసారీ ఓటు వేయలేదు. ఆ ఏడు ఆగస్టులో ఆమోస్ నీళ్ల పీపాలు దింపుతుంటే, ఆమె గొర్రెల దొడ్డి దగ్గర నించునే విషయం ఎత్తింది.

"నాక్కూడా ఒక కాయితం గియ్యవయ్యా."

"ఇన్నేళ్లూ లేంది ఇప్పుడెందుకు వదినా?"

"పెద్దరోడ్డు మీదనించి ఇక్కడికి పదకొండు మైళ్లు. కంకర పోయిస్తానని వాడెవడో నాలుగేళ్లకోసారి చెప్తాడు. ఊరికే తిడుతుంటే ఊరికే పోతంది. ఓటేసి తిట్టాననుకో, తగుల్తది."

"ఆడికి వేసి తిడతావా, ఆడి అవతలోడికి వేసి తిడతావా?"

"అది నా ఇష్టం. నువ్వు గియ్యి."

రోడ్డు సంగతి ఆమె నవ్వుతూనే ఎత్తింది. దాని వెనక ఉన్నదేమిటో ఇద్దరికీ తెలుసు. తొమ్మిదేళ్లుగా ఆ ఇద్దరూ మాట్లాడుకున్న ప్రతి మాటా దానికి కాస్త ఎడంగా నడిచి వెళ్లిందే.

ఆయన గీశాడు. పెద్దరోడ్డు, గాలిమర, వాగు, వాగుకు తూర్పున నాలుగు పెద్ద చెట్ల కింద ఇంటూ గుర్తు. వాగుకు పడమట ఏమీ లేదు. మేబెల్ తన పేరు ఒక్కొక్క అక్షరం నేసినట్టుగా సంతకం చేసింది. పోస్టు పెట్టె నంబరు దగ్గర ఆమోస్ తమ కుటుంబం నంబరే రాశాడు. వేరే పెట్టె లేదు.

సెప్టెంబరు మూడోవారంలో జవాబు వచ్చింది. దాన్ని ఆమోసే తెచ్చి ఆమెకిచ్చాడు. ఆమె కవరు చింపి, లోపలి కాగితం చూసి, లేచి బయటికి నడిచింది. దొడ్డికి అవతల, ఇంటికి ముప్పై అడుగుల దూరంలో ఆ కాగితాన్ని నేలమీద పెట్టి దానిమీద రాయి పెట్టింది. వచ్చి ఇసకతో చేతులు రుద్దుకుంది.

"ఏమొచ్చింది వదినా?"

"నువ్వే చూసుకో. ఇంట్లోకి మాత్రం తేబాక."

రాయి తీశాడు. పై సగంలో విమానం మీంచి తీసిన ఫొటో ఉంది. గోధుమరంగు నేల, పామల్లే వాగు. వాగుకు పడమట ఎనిమిది పలకల కప్పు, దానిచుట్టూ ఎర్రటి సున్న. దాని కింద, 'మీ నివాసం' అని ఉంది. ఆ కింద మేబెల్ టొహానీ అని ఉంది. ఆ కింద, అదే ఇంట్లో ఉంటున్న తక్కిన ఓటర్లు అని చెప్పి రెండు పేర్లున్నాయి. మొదటిది ఆమోస్ అటాకై. రెండోది ఆయన భార్యది.

*

చాప్టర్ హౌసులో కాగితాల పని చూసే వెర్లీనాను ఆమోస్ ఒకటో తరగతి నుంచి పన్నెండో తరగతిదాకా బడికి మోశాడు. పట్నంలో కాలేజీ చదివి వచ్చిన పిల్ల. ఆమె ఉత్తరాన్ని బల్లమీద పరిచి చదివింది. చదువుతున్నంతసేపూ బొటనవేలు రెండో పేరుమీద ఆనించి ఉంచింది. కాలేజీ ఆ వేలికి ఏమీ నేర్పలేదని ఆమోస్ గమనించాడు.

"ఇదిగో తాతా, జరిగింది ఇదీ. ఒకే పోస్టు పెట్టె, ఒకే కుటుంబం అనుకున్నారు. మీ పటంలో ఇంటూ గుర్తు వాగు దగ్గరుంది. ఫొటోలో వెతికారు. మేబెల్ అమ్మమ్మ ఇల్లు చెట్ల కింద ఉందిగా, పైనించి ఆకులే కనిపిస్తాయి. మీరుండే ట్రెయిలరు, ఆ చక్రాల ఇల్లేమో ఫొటో తీసేటప్పటికి గుట్ట నీడలో పడింది. పైనించి చూస్తే ఇల్లులా కనబడేది..."

"అదొక్కటే."

"అదొక్కటే. ఊరూ వాడా లేని అడ్రసులతో దొంగ ఓటర్లు చేరుతున్నారని ఎవరో పిటిషన్ పెట్టారంట. కౌంటీ పోలీసు, షెరీఫు మనిషి వచ్చి చూసిపోయాడు. 'గోడకు కన్నం ఉంది, ఏళ్లుగా ఎవరూ ఉండటం లేదు' అని రాశాడు."

"ఎప్పుడొచ్చాడు?"

"తొమ్మిదో తారీకు."

ఆమోస్ లెక్క వేసుకున్నాడు. తొమ్మిదో తారీకు నుంచే మధ్యాహ్నం గాలి లేచే వేళకు పడమటి వైపునుంచి చప్పుడు మొదలైంది. ఒకసారి, కాసేపాగి ఇంకోసారి, చెక్కకు చెక్క తగిలినట్టు. ఆయన ట్రెయిలరులో రేడియో గట్టిగా పెట్టుకున్నాడు. మేబెల్ మగ్గాన్ని తూర్పు గోడకు జరిపించింది.

"ఇప్పుడేం చెయ్యాలంట?"

"అమ్మమ్మ కొత్త కాగితం పంపాలి. అక్టోబరు మూడులోగా పోస్టు ముద్ర పడాలి. లేకపోతే కొట్టేస్తారు. పటంలో వాగుకి ఈ పక్క అమ్మమ్మ ఇల్లు, ఆ పక్క..." ఆమె ఆగింది. "ఆ పక్కది కూడా గియ్యాలి తాతా. గీసి, ఇది ఖాళీ, ఇది కాదు మా ఇల్లు అని రాయాలి. లేకపోతే మళ్లీ దాన్నే పట్టుకుంటారు."

"గాలిమర నుంచి కొలిచి చెప్తా. మూడు మైళ్ల రెండు ఫర్లాంగులు. బస్సు మీద ముప్పై ఏళ్లు కొలిచినా."

"వాళ్లు కొలవరు. ఫొటో చూస్తారు."

"పోనీ నేనే పట్నం పోయి ఆడి మొహానికి చెప్పొస్తా."

"ఏమని చెప్తారు? అదెవరి ఇల్లు అంటాడు. అందులో ఉన్నవాళ్లేరీ అంటాడు. నోటితో చెప్పాలి. కాగితం నయం."

ఆమోస్ ఒప్పుకోక తప్పలేదు. ఆమె ఉత్తరం రెండో పుట తిప్పింది. అక్కడ ఒక చిన్న పట్టీ ఉంది. పేర్లు అచ్చయి ఉన్నాయి, ఎదురుగా ఖాళీ గీత. ఈ వ్యక్తి ప్రస్తుత స్థితి రాయండి.

"ఇది కూడా నింపాలి. మీరు రాస్తేనే అమ్మమ్మ పేరు విడిగా వస్తుంది. ఇంకోటి తాతా. ఆ ఇంట్లో ఎవరూ లేరని రాస్తే మీ పేరు కూడా పోతుంది. మీది ఇంకా అక్కడే ఉంది. మీరు మార్చుకోలేదు."

"మార్చుకుంటే గీయాల్సొచ్చేది కదా" అన్నాడు ఆమోస్.

ఊళ్లో అందరి ఇళ్లూ గీసినవాడు తన ఇల్లు గీయలేదు. ప్రతి ఎన్నికకూ పెట్టెలోకి రెండు కవర్లు వచ్చేవి. తనది తీసుకుని, రెండోదాన్ని అక్షరాలు కనబడకుండా తిరగేసి, వేలికొసతో పెట్టె లోపలికంటా నెట్టేవాడు. ఎవరి నోటా రాకూడని పేరును ప్రభుత్వం రెండేళ్లకోసారి స్పష్టంగా అచ్చువేసి, తపాలాబిళ్ల అంటించి పిలుస్తూనే ఉంది. ఫలానా మనిషి పోయిందని రాసి పంపితే ఆగిపోయేది. రాయాలంటే ఆ మాట రాయాలి.

*

తొమ్మిదేళ్ల కిందటి ఫిబ్రవరి. మంచు కరిగి నేల బురదయ్యింది. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు ఆమోస్ భార్యకు ఊపిరి అందడం మానేసింది. ఫోను పలకాలంటే మెరక ఎక్కాలి. ఆమోస్ ఎక్కి పిలిచాడు. అటువైపు అమ్మాయి మర్యాదగా అడ్రసు అడిగింది. ఆయన దారి చెప్పాడు. గాలిమర దాటాక ఎడమ, టైర్ల గేటు దాటాక వాగు, వాగు దాటితే మొదటి హోగన్, గుమ్మం తూర్పుకి. ఎనిమిది మలుపులు, ఎనిమిదీ సరిగ్గా. "అడ్రస్ కావాలి సర్" అంది ఆ అమ్మాయి. ఆయన మళ్లీ చెప్పాడు. అంబులెన్సు బయల్దేరిందని, మరో ముప్పావుగంట అని అంది.

కిందికి వచ్చేసరికి మేబెల్ చెల్లెలి తల ఒళ్లో పెట్టుకుని ఉంది. "బయటికి తీసుకుపోదాం పట్టు" అంది ఆమోస్‌తో. "దుప్పటితో సహా ఇద్దరం పట్టుకుంటే వస్తది. ఆ కొమ్మల పందిరి కిందికి."

"చలి వదినా. బురద. వచ్చేస్తున్నారు."

"వాళ్లు వచ్చినా రాకపోయినా బయటికి..."

"వచ్చేస్తున్నారన్నాగా!"

ఆయన టోపీ పట్టుకుని దారిలోకి పరిగెత్తాడు. మలుపు దగ్గర నిలబడి గంటన్నర టోపీ ఊపుతూనే ఉన్నాడు. అంబులెన్సు గాలిమర దాటి కుడికి తిరిగి, ఎవరూ లేని దొడ్డి పక్కన ఇరుసుదాకా బురదలో దిగబడింది. ఆయన తిరిగి వచ్చేసరికి పొయ్యి ఆరిపోయి ఉంది. మేబెల్ బయట నిలబడి ఉంది. ఆమె ఒక్కతే.

బయటికి తెచ్చి ఉంటే ఇల్లు మిగిలేది. ఆమె మిగలకపోయినా ఇల్లు మిగిలేది. ఆ మాట మేబెల్ ఈ తొమ్మిదేళ్లలో ఒక్కసారీ అనలేదు. అనకపోవడం ఎంత బరువుండాలో అంత బరువుగానూ ఉంది. కర్మలయ్యాక ఆమోస్ అక్కచెల్లెళ్లు వచ్చి, భార్య పోయాక భార్య వాళ్ల నేలమీద నీకేం పని, మన తావుకి వచ్చెయ్యమన్నారు. బస్సు రూటు ఇటుంది కదా అన్నాడు. వాగుకు తూర్పున ఒక పాత ట్రెయిలరు పెట్టుకున్నాడు. బస్సు మానేశాక మళ్లీ వాళ్లు అడగలేదు.

*

అక్టోబరు ఒకటో తారీకున ఆమోస్ ట్రక్కు తీశాడు. కొలత లేకుండా ఆయన పటం గీయడు, ఎంత చిన్న చదరమైనా సరే. తన ట్రెయిలరు ముందు మీటరు చూసుకుని వాగులోకి దిగి, అవతలి గట్టెక్కి, ఆపాడు. తొమ్మిదేళ్లలో చక్రం అటు తిప్పడం అదే మొదలు. మధ్యాహ్నం రెండైంది. గాలి లేవలేదింకా.

షెరీఫు మనిషి బండి జాడలు ఎండి గట్టిపడి ఉన్నాయి. దారిలో ఉన్న ముళ్లపొదలను తొక్కించుకుంటూ నేరుగా గుమ్మందాకా వెళ్లాయి. అక్కడినుంచి బూటు గుర్తులు. గుమ్మానికి అడ్డంగా ఆమోస్ తన చేత్తో కొట్టిన చెక్క ఊడి, గోడకు జాగ్రత్తగా ఆనించి ఉంది. పీకినవాడు మర్యాదస్తుడే. తలుపు తూర్పుకు బార్లా తెరిచి ఉంది. లోపల కొంతమేర వెలుగు పడుతోంది. ఉత్తరపు కన్నంలోంచి ఇంకో వెలుగు వచ్చి దాన్ని కలుస్తోంది. రెండు వెలుగుల మధ్య రేకు పొయ్యి, దానిమీద కాఫీ గిన్నె.

గిన్నె ఎక్కడ వదిలారో అక్కడే ఉంది. దాని పిడి గుమ్మం వైపు తిరిగి ఉంది, ఎవరో పోసివ్వబోతున్నట్టు.

ఆమోస్ ట్రక్కు దిగలేదు. ఇంజను ఆపలేదు. గాలి లేచింది. తలుపు మెల్లిగా మూసుకోబోయి, చివర్లో మనసు మార్చుకున్నట్టు ఆగి, ఒక్కసారిగా కొట్టుకుంది. దగ్గరినుంచి వింటే అది అంత పెద్ద చప్పుడేమీ కాదు. ఇంట్లో ఉన్నవాళ్లు బయటికెళ్తూ తలుపేస్తే వచ్చే చప్పుడు. ఆయనకు రోజూ వినబడినదే, పెళ్లయినప్పటినుంచీ, ఆమె నీళ్లకని వెళ్లినప్పుడల్లా. మళ్లీ తెరుచుకుంది. దిగి ఆ తలుపు మూసి చెక్క కొట్టాలా వద్దా అని ఆయన చాలాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. మూస్తే చప్పుడు ఆగుతుంది. మూయాలంటే గుమ్మం తాకాలి. గుమ్మం తాకితే లోపలికి చూడాలి, చూస్తే గిన్నె తీసి లోపలికి తిప్పి పెట్టాలనిపిస్తుంది. ఆయనకు ఆ సంగతి ముందే తెలిసిపోయింది. భయమంటే అదే ఆయనకు. దయ్యం ఏమన్నా చేస్తుందని కాదు, తను చేస్తాడని.

మీటరు చూసుకుని బండి వెనక్కి తిప్పాడు.

మేబెల్ బయటే కూర్చుని ఉంది. ఖాళీ కాగితం ఒళ్లో పెట్టుకుంది. "సంతకం ముందే చేసేసినా" అంది. "నువ్వు అది గీసినంక నేను ముట్టుకోను."

"ఖాళీ కాగితం మీద సంతకం చేస్తారా వదినా ఎవరన్నా? నీ గొర్రెలన్నీ రాసేసుకుంటే?"

"రాసుకోవయ్యా, వాటి మందుకి డబ్బులు నువ్వే పెట్టుకుందువు. గియ్యి తొందరగా, గాలొచ్చింది."

ఆమె అటు తిరిగి కూర్చుంది. ఆమోస్ బానెట్టు మీద కాగితం పరిచాడు. పెన్సిలు వాడలేదు. పెద్దరోడ్డు, గాలిమర, టైర్ల గేటు. వాగు. తూర్పున నాలుగు చెట్లు, ఇంటూ గుర్తు. పడమట ఎనిమిది పలకలు గీసి, ఉత్తరపు పలక దగ్గర గీత కలపకుండా వదిలేశాడు. పక్కన ఇంగ్లీషులో, ఇక్కడ ఎవరూ ఉండరు, అని రాశాడు.

తర్వాత రెండో పుట. తన పేరుకెదురుగా, వాగు దాటి వెళ్లాడు, అని రాశాడు. కింది పేరుకెదురుగా ఉన్న గీతమీద పెన్ను ఆనించాడు. ఆమె పేరు రాయనక్కర్లేదు, వాళ్లే అచ్చు వేశారు. ఒక్క మాట చాలు. ఆ మాటను ఆయన ఇంగ్లీషులో చచ్చిన గుర్రాలకు, అయిపోయిన బ్యాటరీలకు, మూగబోయిన రేడియోలకు వాడాడు. రాశాడు. అక్షరాలు బాగానే వచ్చాయి. కవరులో పెట్టి నాలుకతో తడపబోయి ఆగి, నీళ్ల పీపాలో వేలు ముంచి తడిపాడు.

ఆరోజే నలభై మైళ్లు వెళ్లి పోస్టు చేశాడు. కౌంటర్లో అమ్మాయి ముద్ర వేస్తుంటే తేదీ కనబడేదాకా అక్కడే నించున్నాడు. తన కోసం ఇంకో కాగితం నింపడానికి రెండ్రోజులుంది. నింపలేదు. ఒక రోజుకు ఒక పటం చాలనిపించింది. మర్నాడూ అలాగే అనిపించింది.

*

మేబెల్ ఓటు కాగితం అక్టోబరు చివర్లో పోస్టులో వచ్చింది. ఆమె దాన్ని ఇంట్లోకి రానిచ్చింది. బల్ల తుడిచి, మాంసం పులుసు గిన్నె పక్కకు జరిపి, కాగితం పరిచి, పేర్ల పక్కన రుద్ది నింపాల్సిన అండాకారాలను వేలితో లెక్కపెట్టింది.

"రోడ్డోడు ఏడి?"

"నాలుగోవాడు."

"ఆడి అవతలోడు?"

"మూడోవాడు. ఎవరికో నాకు చెప్పబాక, తప్పంట."

"నీకెందుకు చెప్తా. అటు తిరుగు."

ఆమోస్ అటు తిరిగాడు. పెన్ను కాగితంలో దిగబడేలా నొక్కి రుద్దుతున్న చప్పుడు వినబడింది. చాలాసేపు రుద్దింది.

"అయ్యింది. మరి నీదేది?"

"రాలేదు."

"ఎందుకు రాలే?"

"ఎవరూ ఉండరని రాసినాగా. నేను కూడా పోయినా ఆ దెబ్బకి."

మేబెల్ నవ్వింది. నోట్లో పళ్లు అట్టే లేవు కాబట్టి ఆ నవ్వు పెద్దగా కనబడుతుంది. "ఊరందరికీ ఇళ్లు చూపించి పటాలాయన ఇల్లు లేనోడైనాడా! వెర్లీనాకి చెప్తా, చాప్టర్ మీటింగులో చెప్పుద్ది. కాయితం ఉందా నీ దగ్గర?"

"బండిలో ఉంది."

"తే. నా ముందర గియ్యి. వచ్చేసారికన్నా బతికుంటావు."

తెచ్చాడు. బల్లమీదే గీశాడు. పెద్దరోడ్డు, గాలిమర, గేటు.

"దగ్గర్లో ఏదో ఒకటి చూపించమంటారు కదా" అంది ఆమె. "నీ దగ్గర్లో ఏముంది?"

"ఏముంది. ఇసక."

"నన్ను పెట్టు."

నాలుగు చెట్లు గీసి, వాటి కింద చుక్క పెట్టాడు. వాగు గీశాడు. వాగు అవతలికి వెళ్లబోయి చెయ్యి ఆగింది. ఆమె చూస్తోంది. ఈసారి అటు తిరగలేదు.

"ఆ రెండో కాయితం మీద," అంది మెల్లిగా, "దాని పేరు నువ్వు రాసినావా?"

"లేదు. వాళ్లే అచ్చేసినారు. ఎదురుగా ఒక్క మాట రాసినా."

"ఏమని?"

చెప్పాడు. ఇంగ్లీషులోనే చెప్పాడు. ఆమెకు ఆ మాట తెలుసు.

మేబెల్ పులుసు గిన్నెమీద మూత సర్దింది. "అయితే దానికీ తెలిసిపోయుంటదిలే ఈపాటికి" అంది. "పాపం, ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు."

ఆమోస్ ఎనిమిది పలకలు గీశాడు, ఒక పలక తెరిచి వదిలాడు. మీటరు లెక్క తలుచుకుని, వాగుకు ఇవతల గట్టుమీద తన ట్రెయిలరు ఉన్నచోట ఇంటూ గుర్తు పెట్టాడు. కొలత కొలతే. ఆరేళ్లుగా నూరుమందికి గీసినవాడు, తనకోసం ఒక గీత అటూ ఇటూ జరపలేడు.

మేబెల్ వంగి చూసింది. ఇంటూ గుర్తుకూ ఎనిమిది పలకలకూ మధ్య చిటికెన వేలు ఆనించింది. గోటి వెడల్పు కూడా లేదు.

"ఇంత దగ్గరా?" అంది.

"మధ్యలో వాగుంది కదా వదినా."

ఆ వాగులో నీళ్లు పారి నాలుగేళ్లయింది. ఆమె వేలు తీయకుండా ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.